వంటవాడి వాటా

ఆ ఇంట్లో ఎవరైనా ఒక మాట మొదలుపెడితే దాన్ని పూర్తిచేసే బాధ్యత మిగతావాళ్ళది. ఎవరో పెట్టిన నియమం కాదిది, ఇంటి గాలి అలాంటిది. మామగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. కిక్కిరిసిన బస్సులో చివరి సీటుదాకా వినబడడానికి తయారైన గొంతు ఆయనది. భోజనాల దగ్గర ఉప్పు అడిగితే ఎదురింటివాళ్ళు కూడా లేచి వెతుక్కుంటారు. అత్తగారు ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధివాళ్ళ బట్టలు సరిచేసి ఇస్తుంది. మిషను చప్పుడు మీద మాట్లాడడం అలవాటై, మిషను ఆగాక కూడా అదే పట్టున మాట్లాడుతుంది. మేడమీద గదిలో ఉండే ఆడపడుచు ఫోను కంపెనీలో ఫిర్యాదుల విభాగం ఉద్యోగి. అవతలివాళ్ళు నోరు తెరవగానే "మీ ఇబ్బంది నాకర్థమైందండీ" అని మాట తుంచెయ్యడమే ఆవిడ పని. ఇంటికొచ్చాక కూడా ఆవిడ డ్యూటీ దిగేది కాదు.

ఇక భర్త. ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు, పనిముట్లన్నీ వేసుకుని ఒక పాత వ్యాన్‌లో తిరుగుతాడు. ఉన్నంతలో అతనే నయం, మాట్లాడేది తక్కువ. కానీ భార్య ఏదైనా చెబుతుంటే సగంలోనే "సరే, చేసేద్దాం" అంటాడు. ఏం చెయ్యాలో అతనికీ తెలియదు.

ఇలాంటి ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి ఏ విషయం మీద పరిశోధన చెయ్యాలి? మౌనం మీద చేసుకోవచ్చు, చేపల మీద చేసుకోవచ్చు. ఆమె ఏరికోరి నవలలో బహుస్వరత అనే విషయం తీసుకుంది. పట్టా చేతికి రాకముందే వీధివీధంతా ఆమెను స్కాలరమ్మ అని పిలవడం మొదలుపెట్టింది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

బహుస్వరత అంటే కంగారుపడనక్కర్లేదు. నవల రాసేవాడు తీర్పు చెప్పే పెద్దమనిషిలా కాకుండా ఇల్లుగలాయనలా ఉండాలని దాని సారం. పాత్రలన్నిటినీ పిలిచి కూర్చోబెట్టి, ఎవరి గొంతుతో వాళ్ళను మాట్లాడనివ్వాలి. ఏ గొంతూ ఇంకో గొంతు నెత్తికెక్కకూడదు, ఆఖరికి రచయిత గొంతు కూడా. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు స్కాలరమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిద్ధాంతం అంత గొప్పదని కాదు. అందరూ మాట్లాడగలిగే చోటు ఒకటి ఉంటుందని ఆమెకు అంతవరకు తోచలేదు.

ఆమె ఎంచుకున్న నవల దొరల పాలన ముగిసిన ఏడాది మన దేశంలోనే ఒక బంగళాలో జరుగుతుంది. దొర ఓడెక్కి వెళ్ళిపోతాడు. వెళ్తూ వెళ్తూ, తను కూర్చుని హుకుములు జారీచేసిన పెద్ద కుర్చీని వదిలేసి పోతాడు. దాన్ని తనకే ఇస్తానన్నాడని కాపలావాడు చెబుతాడు. రాతకోతలన్నీ చేసింది తను కాబట్టి న్యాయంగా తనదే అంటాడు గుమాస్తా. ఓడెక్కడానికి మనసొప్పక అక్కడే ఉండిపోయిన దొర చెల్లెలు, ఆ దొరసాని, అది మా నాన్న కుర్చీ అంటుంది. వంటవాడు కూడా ఏదో అంటాడు. దిండంత పుస్తకం నిండా ఈ నలుగురి గొంతులే. కుర్చీ ఎవరిదో రచయిత ఎక్కడా తేల్చడు.

నాలుగు గొంతులూ సమానమేనని స్కాలరమ్మ వాదం. వాదం అనడం కూడా ఎక్కువే. మాట పూర్తిచేసే అవకాశం ఇంట్లో లేక లేక, ఆమెకు ఏ వాక్యాన్నయినా సగంలో ఆపి ఎదుటివాళ్ళకు చోటు వదిలే అలవాటు పట్టుకుంది. ఆ అలవాటు కాగితం మీదికీ పాకింది. ఆమె థీసిస్‌లో ప్రతి పేరా "అని కూడా అనవచ్చు" అన్న మాటతో ముగుస్తుంది. కాపలావాడు వలసపాలన మిగిల్చిన నీడ అని అనవచ్చు, నీడ కాదు అని కూడా అనవచ్చు. ఇలా రాస్తే ఎవరికీ కోపం రాదు, ఎవరికీ ఏమీ తెలియదు కూడా.

ఆ పద్ధతిలో గడువు మీద గడువు దాటింది. ఈసారి మౌఖిక పరీక్షలో నెగ్గకపోతే పేరు కొట్టేస్తామని విశ్వవిద్యాలయం కచ్చితంగా చెప్పేసింది. స్కాలరమ్మకు నిద్ర కరువైంది. పేరు కొట్టేస్తే ఇన్నేళ్ళ చదువు గంగపాలవడం ఒక ఎత్తు, వీధిలో ఆ పిలుపును ఎలా వెనక్కి తీసుకోవాలన్నది ఇంకో ఎత్తు. అన్నిటికంటే ఆమె బాధ వేరే. జీవితంలో ఒక్కసారి, ఒక్క గదిలో, ఎదురుగా కూర్చున్నవాళ్ళు తను చెప్పేది వినితీరాలన్న ఏర్పాటు ఆ పరీక్ష ఒక్కటే. అదీ పోతే ఇక మిగిలేది కుట్టుమిషను చప్పుడు.

గైడుగారు మంచివాడే. అయితే ఆయనకు అన్నిటికీ ఆధారం కావాలి. గొంతులన్నీ సమానమని మీరంటే సరిపోదు, మామూలు పాఠకులకు కూడా సమానంగా వినిపించాయని ఐదో అధ్యాయంలో చూపించండి, అన్నాడు. మామూలు పాఠకులను ఎక్కడినుంచి తేవాలి? ఇంట్లోనే ఉన్నారు కదా అనుకుంది స్కాలరమ్మ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడం ఇక్కడ మొదలైంది.

అంత లావు పుస్తకం ఇస్తే ఎవరూ చదవరు. అందుకని ఆమె నవలంతా జెరాక్స్ తీయించి, ఒక్కో పాత్ర మాట్లాడే భాగాలను వేరుచేసి, నాలుగు కట్టలు కట్టింది. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు నవలను వాటాలు వేసింది. మామగారికి కాపలావాడు, ఆడపడుచుకు గుమాస్తా, అత్తగారికి దొరసాని వచ్చారు. భర్త ఆ రోజు ఆలస్యంగా వచ్చాడు కాబట్టి అతనికి మిగిలిన వంటవాడు దక్కాడు. తలా ఒక గొంతు వింటే, అందరూ కూర్చుని మాట్లాడుకుంటే, నాలుగూ సమానమని తేలిపోతుందని ఆమె ఊహ. ఇంత చదువుకున్న మనిషికి ఇంత అమాయకత్వం ఎలా అబ్బిందో.

తలా ఒక గొంతే విన్నారు కాబట్టి తలా ఒకరి పక్షం చేరిపోయారు. మామగారు రెండు రోజుల్లో కాపలావాడైపోయారు. ఎండా వానా అనకుండా గేటు దగ్గర నిలబడ్డవాడిది కాక కుర్చీ ఇంకెవరిదని నిలదీశారు. గుమాస్తా లేకపోతే ఆ బంగళాకు కాగితమే లేదని ఆడపడుచు మేడమెట్ల మీదినుంచి జవాబిచ్చింది. అత్తగారికి దొరసాని అంటే మొదట్లో చిరాకే. చదవగా చదవగా పుట్టింటి సామాను పరాయివాళ్ళ పాలవుతున్న ఆడదాని దుఃఖం ఆవిడ గుండెకు తగిలింది. ఇక కాపలావాళ్ళకూ గుమాస్తాలకూ టీ పెట్టేది లేదని తేల్చేసింది. లేని కుర్చీ కోసం ఉన్న సంసారం మూడు ముక్కలైంది. ఇంట్లో చేతులున్న కుర్చీ ఒకటే ఉంది, మామగారిది. ఒకరోజు ఆయన మంచినీళ్ళకు లేచి వచ్చేసరికి అత్తగారు అందులో కూర్చుని బొత్తాలు కుడుతోంది. అడిగితే, మా నాన్నది, అంది. ఆవిడ తండ్రి జీవితమంతా చాప మీద కూర్చున్న మనిషి.

భర్త ఒక్కడే ఏ పక్షమూ చేరలేదు. అతని ఇబ్బంది వేరు. ఒక సాయంత్రం తన కట్ట పట్టుకుని భార్య దగ్గరికొచ్చాడు.

"జెరాక్స్‌వాడు మోసం చేశాడు. నా వాటాలో ఒక్క మాటా చివరిదాకా లేదు. అంతా సగంలో తెగిపోయింది."

జెరాక్స్ బాగానే ఉందని, నవలలోనే అలా ఉందని, దాన్ని శైలి అంటారని ఆమె చెప్పబోయింది. శైలి దాకా రాకముందే, సరే, వాడితో మాట్లాడేద్దాం, అని అతను వెళ్ళిపోయాడు. అతను జెరాక్స్ కొట్టుకు వెళ్ళి నిజంగానే దెబ్బలాడి వచ్చాడని తర్వాత తెలిసింది.

ఈ గోలనంతా స్కాలరమ్మ శ్రద్ధగా ఐదో అధ్యాయంగా రాసింది. పాఠకులు పాత్రలతో మమేకమయ్యారని అనవచ్చు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు అని కూడా అనవచ్చు.

మౌఖిక పరీక్షకు ఎవరైనా రావచ్చునని నోటీసులో రాసి ఉంటుంది. ఎవరూ రారన్న ధైర్యంతోనే అలా రాస్తారు. ఆ రోజు ఉదయం స్కాలరమ్మ బయలుదేరి వ్యాన్ దగ్గరికి వచ్చేసరికి వెనక ఫ్రిజ్ విడిభాగాల మధ్య ముగ్గురూ సర్దుకుని కూర్చుని ఉన్నారు. ఎవరి కట్ట వాళ్ళ ఒళ్ళో ఉంది. మీరెందుకండీ అని ఆమె అనబోతే, నీకు తోడుగా అమ్మాయ్, అన్నారు మామగారు. దిగి ఇంటికి తాళం వేసి, తాళాల గుత్తి జేబులో వేసుకుని మళ్ళీ ఎక్కేశారు ఆయన.

పరీక్ష గది చిన్నది. గోడలకు సున్నం పెచ్చులూడుతోంది. పొడవాటి బల్లకు ఆ పక్కన బయటినుంచి వచ్చిన పరీక్షకురాలు కూర్చుంది. థీసిస్‌లను కత్తిరించి పంపుతుందని విద్యార్థులు ఆవిడకు కత్తెరమ్మ అని పేరు పెట్టుకున్నారు. పక్కన గైడుగారు చెమట తుడుచుకుంటున్నాడు. వెనక బెంచీ మీద కుటుంబం.

కత్తెరమ్మ థీసిస్ తిరగేసి, మొత్తం చదివానని, ఇందులో "అని కూడా అనవచ్చు" తప్ప ఇంకేమీ లేదని అంది. గొంతులో కోపం లేదు, అదే భయం. తర్వాత కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"సిద్ధాంతం పక్కనపెట్టండి. పుస్తకం మీరు చాలాసార్లు చదివారు. మీకేమనిపించింది? ఆ నలుగురిలో ఎవరికైనా అన్యాయం జరిగిందా?"

"బహుస్వరత దృష్టితో చూస్తే, ఏ ఒక్క గొంతునూ..." అని స్కాలరమ్మ అలవాటుగా ఆగింది.

ఎవరూ అందుకోలేదు. ఇంట్లో అయితే ఈపాటికి ముగ్గురు అందుకునేవారు. ఆమె వాక్యం గాల్లో వేలాడుతూ ఉండిపోయింది. దాన్ని కిందికి దించడం ఎలాగో ఆమెకు నిజంగానే తెలియలేదు. అయిపోయింది, పేరు కొట్టేశారు, అనుకుంది. ఆ నిశ్శబ్దాన్ని మామగారు కొంతసేపు భరించారు. అంతకుమించి ఆయన వల్ల కాలేదు.

"కాపలావాడికేనండీ అన్యాయం జరిగింది," అన్నారు వెనకనుంచి.

అంతే, తేనెతుట్టె కదిలింది. గుమాస్తా సంగతేమిటని ఆడపడుచు లేచింది. ఒంటరి ఆడదాని ఉసురు ఊరికే పోదని అత్తగారు పరీక్షకురాలినే హెచ్చరించింది. ముగ్గురూ తమ కట్టల్లోంచి కాగితాలు తీసి ఆధారాలు చదవడం మొదలుపెట్టారు, ముగ్గురూ ఒకేసారి. బస్సులో రభస జరిగితే కండక్టరు చేసే పని గుర్తొచ్చి, మామగారు తాళాల గుత్తి తీసి బెంచీ మీద టకటకా కొట్టారు. గది సద్దుమణిగింది.

వీళ్ళెవరని అడిగింది కత్తెరమ్మ.

గైడుగారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. "ఐదో అధ్యాయమండీ," అన్నాడు.

కత్తెరమ్మ ఐదో అధ్యాయాన్ని ఒకసారి ఎగాదిగా చూసింది. ఆవిడ చూపు చివర్లో కూర్చున్న ఫ్రిజ్ మెకానిక్ మీద ఆగింది. మీరేం మాట్లాడరేమని అడిగింది. అతను ఇబ్బందిగా లేచాడు.

"నాది వంటవాడి వాటా అండీ. చదువుదామనే ఉంది కానీ, ప్రతిచోటా..."

"అది జెరాక్స్ తప్పు కాదని చెప్పాం కదరా," అని ఆడపడుచు అందుకుంది. వాడిదేముంది, నేను చెబుతానుండండి, అన్నారు మామగారు. వాణ్ణి అడిగి లాభం లేదు, అంది అత్తగారు. భర్త నోరు తెరుచుకునే నిలబడి ఉన్నాడు. చేతిలో సగం సగం మాటల కట్ట ఉంది.

స్కాలరమ్మ అతన్ని చూసింది. అలా నోరు తెరుచుకుని నిలబడడం ఎలా ఉంటుందో ఆ గదిలో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇన్నేళ్ళుగా చదువుతున్న నవల ఆమెకు ఆ క్షణంలో మొదటిసారి అర్థమైంది. ఒళ్ళంతా వేడెక్కింది. కోపమొచ్చింది, అది కోపమని పోల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది.

"ఒక్కసారి నన్ను చెప్పనివ్వండి," అంది. గట్టిగా అనలేదు. కానీ అందరూ ఆగారు, ఆ గొంతు ఎవరిదో తెలియక.

"వంటవాడికి అన్యాయం జరిగింది. ఈ నవలలో అతని మాట ఒక్కటీ పూర్తి కాదు. అతను నోరు తెరిచిన ప్రతిచోటా కాపలావాడో గుమాస్తానో దొరసానో అందుకుంటారు. రచయిత అందరికీ గొంతులిచ్చాడని అధ్యాయాలకు అధ్యాయాలు రాశాను. గొంతిస్తే చాలదండీ, మాట అయ్యేదాకా ఆగాలి. దొర ఉన్నప్పుడు దొర ఆగలేదు. దొర వెళ్ళిపోయాక ఆ బంగళాలో..."

ఆగింది. అలవాటు ఒక్కరోజులో పోదు.

మామగారి నోరు తెరుచుకుంది. అత్తగారు ఆయన తొడ మీద గిల్లింది, మెత్తగా కాదు. ఆడపడుచు తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. గైడుగారు కళ్ళు మూసుకున్నాడు. ఎవరూ అందుకోరని తెలిసేదాకా స్కాలరమ్మ చూసింది. తర్వాత తన వాక్యాన్ని తనే దించుకుంది.

"ఆ బంగళాలో వీళ్ళూ ఆగలేదు."

ఇది థీసిస్‌లో ఎక్కడా లేదే అంది కత్తెరమ్మ. లేదండీ, ఇప్పుడే తెలిసింది, అంది స్కాలరమ్మ. అని కూడా అనవచ్చు అని అనలేదు. కత్తెరమ్మ కలం మూత పెట్టేసింది. నెగ్గారు అంది. ఈ మాటను ఆరో అధ్యాయంగా రాసి చేర్చాలి, "అని కూడా అనవచ్చు" అన్నచోటల్లా కొట్టెయ్యాలి, ఇవీ షరతులు. అలా కొట్టేస్తే థీసిస్ సగమైపోతుందండీ అని గైడుగారు గొణిగాడు. సగం చాలు అంది ఆవిడ.

తిరుగుదారిలో వ్యాన్‌లో ఎవరి సంతోషం వాళ్ళది. నేను అందుకోబట్టే పరీక్ష ఊపందుకుందన్నారు మామగారు. నేను గిల్లబట్టే నిలబడిందంది అత్తగారు. తను నోరు మూసుకోవడం ఉద్యోగంలో చేరాక ఇదే మొదటిసారని, ఆ త్యాగం ఎవరికీ కనబడలేదని ఆడపడుచు నొచ్చుకుంది. ముగ్గురి మధ్యా మాటలు కలిశాయి. టీ కూడా కలుస్తుందనిపించింది. మధ్యలో స్కాలరమ్మ వెనక్కి తిరిగింది.

"మామయ్యగారూ, ఇందాక ఆ తాళాలు..."

"అవునమ్మా, తాళాలతో కొట్టబట్టే ఊరుకున్నారు. అనుభవం అంటే అదే మరి," అన్నారాయన.

ఇంకో వీధి మలుపు తిరిగాక, బెంచీ మీద, అంది ఆమె. అంత ఇరుకు బెంచీ ఎక్కడా చూడలేదంది అత్తగారు. ఒక్కసారి బండి వెనక్కి, అంది భర్తతో. సరే, చేసేద్దాం, అన్నాడు అతను, బండి ముందుకే పోనిస్తూ. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆమెకు నవ్వొచ్చింది.

ఇంటి ముందు దిగారు. మామగారు జేబులు తడుముకున్నారు. చొక్కా జేబు, పంట్లాం జేబు, మళ్ళీ చొక్కా జేబు. నలుగురి తలలూ నెమ్మదిగా స్కాలరమ్మ వైపు తిరిగాయి.

"పరీక్ష గదిలో బెంచీ మీద ఉన్నాయి. ఇందాకట్నుంచీ అదే చెబుతున్నా," అంది.

గైడుగారికి ఫోన్ చేస్తే, గుత్తి తన దగ్గరే ఉందని, తెచ్చిస్తానని అన్నాడు. అందాకా చేసేదేం లేదు. అందరూ గుమ్మం ముందు మెట్ల మీద కూర్చున్నారు. ఎవరి కట్ట వాళ్ళ ఒళ్ళో ఉంది. తప్పు చేసినవాళ్ళలాగా తల వంచుకుని కాగితాల అంచులు సవరించారు. చివరికి అత్తగారే గొంతు తగ్గించి అడిగింది. అంత తగ్గు గొంతు ఆవిడకు ఉందని కొడుక్కి కూడా తెలియదు.

"అమ్మాయ్, మేమెవరమూ పూర్తిగా చదవలేదు కదా. చివరికి ఆ కుర్చీ ఎవరికి పోయింది?"

"ఎవరికీ పోలేదత్తయ్యగారూ. చివరి పేజీలో ముగ్గురూ కుర్చీ చుట్టూ నిలబడి ఉంటారు. వంటవాడు తలుపు దగ్గరికొచ్చి, అయ్యా ఆ కుర్చీ, అంటాడు. అక్కడితో పుస్తకం అయిపోతుంది."

"ఏం చెప్పబోయాడు?" అన్నాడు భర్త. అతని వాటా కదా, అడిగే హక్కుంది.

"పుస్తకంలో లేదు. కానీ నాకేమనిపిస్తుందంటే..." అని ఆగింది స్కాలరమ్మ.

మామగారు రెండు పెదాలూ బిగించి, మెడ ముందుకు చాపి వింటున్నారు. ఆడపడుచు కిందిమెట్టుకు దిగి కూర్చుంది. భర్త సరే అనలేదు. ఆమె తీరిగ్గా కొంగు సర్దుకుని, అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి, అప్పుడు చెప్పింది.

"రోజూ దాన్ని తుడిచేది అతనే కదా. దాని కాలు విరిగిందని, ఎవరూ కూర్చోవద్దని అయ్యుంటుంది. మొదటి పేజీ నుంచీ అదే చెబుతున్నాడు పాపం."